నది లెక్కలో మట్టిని మరిచిపోతే: నీటి మోడల్‌కు ఒండ్రు మోడల్ ఎందుకు జతకావాలి?

అమెరికాలోని లూసియానా రాష్ట్రం 2025 జూలైలో ఒక భారీ ప్రాజెక్టును రద్దు చేసింది. దాని పేరు మిడ్-బరటారియా సెడిమెంట్ డైవర్షన్. అంచనా ఖర్చు సుమారు 300 కోట్ల డాలర్లు. 2023 ఆగస్టులో శంకుస్థాపన కూడా జరిగింది. మిసిసిపీ నది కరకట్టకు గేట్లు అమర్చి, గరిష్ఠంగా 75 వేల క్యూసెక్కుల నీటిని పక్కనున్న బరటారియా బే వైపు వదలాలన్నది ఆలోచన. క్యూసెక్కులు, గేట్లు మనకు కొత్త కాదు. వానాకాలంలో ధవళేశ్వరం, ప్రకాశం బ్యారేజీల వార్తల్లో రోజూ వినే మాటలే. కాకపోతే ఇక్కడ కావలసింది నీరు కాదు, ఆ నీరు మోసుకొచ్చే మట్టి. సముద్రంలో కలిసిపోతున్న నేలను ఆ మట్టితో మళ్లీ నిలబెట్టాలనుకున్నారు.

ఎంత నేల తిరిగి వస్తుంది? ఎవరి ఇళ్ల దగ్గర నీటిమట్టం పెరుగుతుంది? రొయ్యలు, ఆయిస్టర్ల మీద బతికే కుటుంబాల సంగతి ఏమిటి? ఈ ప్రశ్నలన్నింటికీ జవాబులు ప్రధానంగా కంప్యూటర్ మోడళ్ల నుంచే వచ్చాయి. అదీ ఒక్క మోడల్ నుంచి కాదు, ఒకదానికొకటి జతచేసిన అనేక మోడళ్ల నుంచి. వందల కోట్ల డాలర్ల నిర్ణయాలు, వేల కుటుంబాల బతుకులు ఈ లెక్కల మీద ఆధారపడుతున్నాయి. హ్యూస్టన్, న్యూ ఆర్లీన్స్ లాంటి చోట్ల ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లకూ, గోదావరి, కృష్ణా డెల్టాల్లో పొలాలున్న మనవాళ్లకూ ఈ లెక్క ఎలా వేస్తారో తెలిసి ఉండటం మంచిది.

నీరు మట్టిని మోస్తుంది, మట్టి నీటిని మళ్లిస్తుంది

నదిలో ప్రవహించేది నీరొక్కటే కాదు. ఇసుక, సన్నటి ఒండ్రు, బంకమట్టి కూడా దానితోపాటు కదులుతాయి. ఈ మూడింటి నడక ఒకటి కాదు. ఇసుక బరువైనది కాబట్టి ఎక్కువగా నది అడుగునే దొర్లుతూ, ఎగిరిపడుతూ పోతుంది. ప్రవాహం కాస్త నెమ్మదించగానే ఆగిపోతుంది. ఒండ్రు, బంకమట్టి నీళ్లలో కలిసి చాలా దూరం వెళతాయి. వరద ఎర్రగా కనిపించేది వీటివల్లే.

మట్టి ఆగిన చోట మేట వేస్తుంది. మేట వేస్తే నది అడుగు పైకి లేస్తుంది. అడుగు లేస్తే అదే వరదకు నీటిమట్టం ఇంకా ఎత్తుకు చేరుతుంది, లేదంటే నీరు పక్క పాయలోకి మళ్లుతుంది. నీరు మళ్లితే అక్కడ కోత మొదలవుతుంది. అంటే మట్టిని నడిపేది నీరే అయినా, నీటికి దారి చూపేది మట్టే. లంక గ్రామాల వాళ్లకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక ఏడాది ఈ ఒడ్డున కొబ్బరి చెట్లు పడిపోతే, మరో ఏడాది అవతల ఇసుక తిన్నె లేస్తుంది.

కష్టం లెక్కలు వేసేటప్పుడే వస్తుంది. నీటి ప్రవాహానికి సెయింట్ వెనాంట్ అనే ఫ్రెంచి ఇంజినీరు 1871లోనే సమీకరణాలు ఇచ్చాడు. నది అడుగు ఎంత లేస్తుంది, ఎంత కోసుకుపోతుంది అన్నదానికి 1920లలో ఆస్ట్రియాకు చెందిన ఎక్స్‌నర్ సూత్రం చెప్పాడు. దాని సారం మన ఇంటి జమాఖర్చు లాంటిదే: ఒక చోటికి వచ్చిన మట్టిలో పోయినది తీసేస్తే మిగిలినది అక్కడి మేట. పోయినదే ఎక్కువైతే అక్కడ కోత. మరి ఎంత ప్రవాహం ఎంత ఇసుకను కదిలిస్తుంది? ఈ ప్రశ్న మీద జీవితమంతా పనిచేసిన వారిలో ఐన్‌స్టీన్ ఒకరు. అందరికీ తెలిసిన ఆల్బర్ట్ కాదు, ఆయన పెద్ద కొడుకు హాన్స్ ఆల్బర్ట్. బర్క్‌లీలో ప్రొఫెసర్‌గా ఉంటూ 1950లో ఆయన ప్రచురించిన పద్ధతిని ఇప్పటికీ విద్యార్థులు చదువుతున్నారు.

కదలని అడుగు ఉన్న నది

కంప్యూటర్లు రాకముందు అమెరికా సైన్యపు ఇంజినీర్లు మిసిసిపీ నదిని చిన్నదిగా చేసి నేల మీద కట్టారు. మిసిసిపీ రాష్ట్రంలోని క్లింటన్ దగ్గర సుమారు 200 ఎకరాల్లో ఈ బొమ్మ నది ఉంది. 1943లో మొదలైన ఈ పనికి రెండో ప్రపంచ యుద్ధంలో పట్టుబడిన సైనికులను వాడారు. అందులో అసలు నదికి ఒక రోజు అంటే ఐదున్నర నిమిషాలే. 1952లో మిస్సోరీ నదికి వరద వచ్చినప్పుడు ఎక్కడ కట్టలు నిలుస్తాయో, ఎక్కడ పొంగుతాయో ఈ బొమ్మ నది చూసే చెప్పగలిగారు.

అయితే ఆ నది అడుగు సిమెంటు. నీరు కదులుతుంది గానీ అడుగు కదలదు. కొన్ని రోజుల వరదకు అది సరిపోయింది. యాభై ఏళ్లలో డెల్టా ఏమవుతుందన్న ప్రశ్నకు మాత్రం సరిపోదు. ఇప్పుడు బాటన్ రూజ్‌లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ వాళ్ల నదీ అధ్యయన కేంద్రంలో ఇంకో బొమ్మ మిసిసిపీ ఉంది. అందులో ఇసుకకు బదులు సన్నటి ప్లాస్టిక్ గుళికలు వదులుతారు. మట్టి ఎక్కడ చేరుతుందో కంటితో చూడవచ్చు.

కంప్యూటర్ మోడళ్లకూ ఇదే తేడా వర్తిస్తుంది. నది అడుగు కదలదనుకునే మోడళ్లు ఒక రకం, అడుగును కదలనిచ్చేవి ఇంకో రకం. మన ఇళ్లకు ఫ్లడ్ ఇన్సూరెన్స్ నిర్ణయించే వరద మ్యాపుల వెనుక సాధారణంగా ఉండేది మొదటి రకమే. సర్వే చేసిన రోజున నది ఎలా ఉందో అలాగే ఉంటుందనుకొని లెక్క కడతారు. చాలా చోట్ల ఇది తప్పేమీ కాదు. కానీ 2017లో హార్వీ తుపాను తర్వాత హ్యూస్టన్ ఈశాన్యాన కింగ్‌వుడ్ దగ్గర ఏం జరిగిందో చూడండి. శాన్ హసింటో నది పశ్చిమ పాయలో ఇసుక పెద్ద మేటలుగా పేరుకుపోయింది. నీరు పోయే దారి ఇరుకైందని సైన్యపు ఇంజినీర్లు వచ్చి డ్రెడ్జింగ్ చేయాల్సి వచ్చింది. పాత సర్వే మీద గీసిన గీత ఇలాంటి చోట కొత్త నదికి సరిపోదు.

ఒక్కో పనికి ఒక్కో మోడల్

అలాంటప్పుడు అన్నీ ఉన్న ఒకే పెద్ద మోడల్ రాసుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఆ ప్రయత్నాలూ జరిగాయి. కానీ ఒక్కో విషయానికి దశాబ్దాల కృషితో తయారైన మోడల్ విడిగా ఉంది. కొండల మీద పడిన వానలో ఎంత నదిలోకి చేరుతుందో ఒకటి చెబుతుంది. వందల మైళ్ల నదిని ఒక గీతలా తీసుకొని నీటిమట్టం చెప్పేది ఇంకొకటి. సైన్యపు ఇంజినీర్లు తయారుచేసిన హెచ్ఈసీ-రాస్ ఈ పనికి ప్రపంచమంతా వాడే సాఫ్ట్‌వేర్. డెల్టా, సముద్ర ముఖం దగ్గర నీరు, మట్టి ఎటు పరుచుకుంటాయో చూపేది నెదర్లాండ్స్‌లో పుట్టిన డెల్ఫ్ట్ 3డీ. తుపాను ఉప్పెనకు అడ్‌సర్క్, అలలకు స్వాన్ ఉన్నాయి. మొక్కలకు, చేపలకు వేరే మోడళ్లు ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మన పాఠకులకు ఇక్కడి చిక్కు ఇట్టే అర్థమవుతుంది. వేరువేరు బృందాలు, వేరువేరు కాలాల్లో, వేరువేరు భాషల్లో రాసిన సిస్టమ్‌లను కలపాలి. పాత కోడ్ చాలావరకు ఫోర్‌ట్రాన్‌లో ఉంటుంది. దాన్ని మార్చి రాయడానికి ఎవరికీ ధైర్యం చాలదు. కాబట్టి లోపల చెయ్యి పెట్టకుండా బయట నుంచి ఒక ఇంటర్‌ఫేస్ తొడుగుతారు.

ఐరోపాలో 2000ల మొదట్లో ఓపెన్ ఎంఐ అనే ప్రమాణం ఇందుకోసమే వచ్చింది. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం కేంద్రంగా 2007లో మొదలైన సీఎస్‌డీఎంఎస్ అనే పరిశోధకుల బృందం బీఎంఐ అనే ఇంకో ప్రమాణం తెచ్చింది. దాని మూల సూత్రం చాలా చిన్నది. ఏ మోడలైనా కొన్ని ఆజ్ఞలు వినాలి: మొదలుపెట్టు, ఒక అడుగు ముందుకు వెయ్యి, నీ దగ్గరున్న విలువ ఇవ్వు, నేనిచ్చే విలువ తీసుకో, ముగించు. లోపల లెక్క ఎలా కడుతుందో పక్క మోడల్‌కు తెలియనక్కర్లేదు.

జత చేయడంలో జారిపోయేవి

కలపడం రెండు రకాలు. మొదటిది ఒకవైపు జత. ఎగువ మోడల్ తన లెక్క మొత్తం ముగించి ఫలితాన్ని దిగువ మోడల్‌కు అప్పగిస్తుంది. దిగువన ఏం జరిగినా ఎగువకు కబురు వెళ్లదు. రెండోది రెండువైపుల జత. ప్రతి అడుగులోనూ ఎగువ మోడల్ నీటిని, మట్టిని కిందికి పంపుతుంది. దిగువ మోడల్ తన దగ్గరి నీటిమట్టాన్ని, మారిన అడుగును పైకి చెబుతుంది. సముద్రంలో ఆటుపోట్లు ఉన్నచోట, మేటవల్ల ప్రవాహం వెనక్కి తన్నేచోట రెండో రకం తప్పనిసరి. కొండవాగు నుంచి నదికి వచ్చే నీటికి మొదటి రకం చాలు. ఎక్కడ ఏది వాడాలో తెలుసుకోవడమే అనుభవం.

జతచేసిన చోటే తప్పులు దూరుతాయి. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

కాలం: ఉప్పెన మోడల్ కొన్ని సెకన్లకు ఒక అడుగు వేస్తుంది. నేల మోడల్ నెలకో, ఏడాదికో ఒకసారి కదులుతుంది. మధ్యలో విలువలను ఎలా సర్దుతామన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. యాభై ఏళ్లు సెకన్ల లెక్కన నడపడం కష్టం కాబట్టి, ఒక్కో అడుగులో వచ్చిన మేటను పది రెట్లో, ఇరవై రెట్లో చేసి ముందుకు దూకించే పద్ధతి ఒకటుంది. మామూలు ప్రవాహానికి అది బాగానే పనిచేస్తుంది. పెద్ద వరద మధ్యలో అదే పని చేస్తే లేని తిన్నెలు పుట్టుకొస్తాయి.

చోటు: ఒక మోడల్ నదిని గీతగా చూస్తుంది, రెండోది వేల గడుల వలగా చూస్తుంది. గీత చివర ఉన్న ఒక్క అంకెను వంద గడులకు పంచాలి. ఇసుకను గడులన్నింటికీ సమానంగా పంచితే పొరపాటే, ఎందుకంటే వంపు తిరిగే చోట అది లోపలి ఒడ్డు వైపు చేరుతుంది.

కొలమానాలు: ఒకరు క్యూసెక్కులు, ఇంకొకరు క్యూమెక్కులు. ఒక క్యూమెక్కు అంటే 35.3 క్యూసెక్కులు. ఎత్తును ఎక్కడి నుంచి కొలుస్తున్నారన్నది ఇంతకంటే ముఖ్యం. నేల దాదాపు సముద్రమట్టానికే ఉన్న డెల్టాలో కొలిచే ఆధారం అర అడుగు తేడా వచ్చినా ఎండు నేల కాస్తా నీళ్లయిపోతుంది.

జమాఖర్చు: ఎగువ మోడల్ వదిలిన ప్రతి టన్ను మట్టీ దిగువ మోడల్‌లో కనిపించాలి. ఎగువన మట్టిని మూడు రకాల రేణువులుగా విభజించి, దిగువన ఐదు రకాలుగా విభజిస్తే పంపకంలో కొంత మాయమవుతుంది. ఒక్క రోజుకు అది చిల్లర. యాభై ఏళ్లకు అదే ఒక లంక అవుతుంది.

లూసియానాలో ఏం జరిగింది

మిసిసిపీ పరీవాహక ప్రాంతం అమెరికా ప్రధాన భూభాగంలో దాదాపు 40 శాతం. 1927 మహా వరద తర్వాత నదికి ఇరువైపులా కరకట్టలు బలంగా కట్టారు. ఊళ్లు బతికాయి. కానీ ఏటా వరదతో పక్క చిత్తడి నేలల మీదికి రావాల్సిన ఒండ్రు ఆగిపోయింది. తర్వాత మిస్సోరీ మీద పెద్ద డ్యాములు వచ్చి ఎగువనే మట్టిని పట్టేశాయి. 1900కు ముందు ఏటా సుమారు 40 కోట్ల టన్నుల ఒండ్రు మిసిసిపీ ద్వారా సముద్రం వైపు వచ్చేదని అంచనా. 1987 నుంచి 2006 వరకు సగటు 14.5 కోట్ల టన్నులే. దీనికి తోడు చమురు కంపెనీలు తవ్విన కాలువలు, తనంతట తాను కుంగే నేల, పెరిగే సముద్రం. 1932 నుంచి 2016 వరకు లూసియానా తీరం సుమారు 4,800 చదరపు కిలోమీటర్ల నేల కోల్పోయింది. దాదాపు డెలావేర్ రాష్ట్రమంత.

దీనికి ఎదురుగా ఒక ఆశ కూడా కనిపించింది. 1940ల తొలి ఏళ్లలో మోర్గాన్ సిటీకి వరద ముప్పు తగ్గించడానికి వాక్స్ లేక్ అవుట్‌లెట్ అనే కాలువ తవ్వారు. 1973 వరద తర్వాత ఆ కాలువ చివర సముద్రంలో కొత్త నేల పైకి తేలింది. ఇప్పటికీ పెరుగుతూనే ఉంది. మోడళ్లు రాసేవాళ్లకు ఇది మంచి పరీక్ష పేపర్. జరిగిపోయిన ఈ డెల్టాను సరిగ్గా గీయగలిగిన మోడల్‌కే, జరగబోయేది చెప్పే అర్హత.

లూసియానా తన తీర ప్రణాళిక కోసం మోడళ్లను గొలుసుగా కట్టింది. నీరు, నేల, మొక్కల మోడళ్లు కలిసి రాబోయే దశాబ్దాల్లో నేల ఎలా మారుతుందో చెబుతాయి. ఆ మారిన నేల మీద అడ్‌సర్క్, స్వాన్ కలిసి తుపాను ఉప్పెనను నడుపుతాయి. ఆ ఉప్పెన ఎన్ని ఇళ్లకు ఎంత నష్టం తెస్తుందో చివరి మోడల్ డాలర్లలో చెబుతుంది. 2023 ప్రణాళిక 50 ఏళ్లకు 5,000 కోట్ల డాలర్లది. ఏ పని ముందు చేయాలన్న ఎంపికలో ఈ గొలుసుదే పెద్ద పాత్ర.

మిడ్-బరటారియా విషయంలో ఈ లెక్కలు రెండువైపులా మాట్లాడాయి. ప్రాజెక్టు కడితే, కట్టకపోతే ఉండేదానికంటే 50 ఏళ్ల తర్వాత సుమారు 21 చదరపు మైళ్ల నేల ఎక్కువగా మిగులుతుందని పర్యావరణ నివేదిక చెప్పింది. అదే నివేదిక బేలోకి మంచినీరు చేరి ఆయిస్టర్లు, బ్రౌన్ ష్రింప్, డాల్ఫిన్లు బాగా దెబ్బతింటాయనీ, కరకట్ట బయటి ఊళ్లలో నీటిమట్టం పెరుగుతుందనీ చెప్పింది. నేల పోతే ఊరే ఉండదన్నారు కొందరు. నేల వచ్చేలోగా మా వృత్తి పోతుందన్నారు మత్స్యకారులు. కోర్టు కేసులు నడిచాయి, ఖర్చు పెరిగింది, మోడల్ అంచనాల మీదా వాదనలు జరిగాయి. చివరికి రాష్ట్రమే విరమించుకుంది. ఎవరికి ఎంత లాభం, ఎవరికి ఎంత నష్టమో మోడళ్లు చూపించాయి. ఏ నష్టాన్ని ఎవరు భరించాలో మాత్రం మనుషులే తేల్చుకోవాలి.

మన నదుల సంగతి

ఇదంతా అమెరికా కథ అనుకోవద్దు. శ్రీశైలం జలాశయం మొదటి నిల్వ సామర్థ్యం 308 టీఎంసీలు. పూడిక చేరి ఇప్పుడు లెక్కలో ఉన్నది సుమారు 215. తుంగభద్ర 133 నుంచి 105 టీఎంసీల దాకా తగ్గింది. జలాశయంలో పూడిక అంటే రైతుకు నీటి నష్టం. అదే మట్టి డెల్టాకు చేరకపోవడం రెండో నష్టం. 1970లతో పోలిస్తే 1990ల చివరికి గోదావరి సముద్రానికి మోసే ఒండ్రు సగానికంటే తగ్గిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. పోలవరం పూర్తయితే ఈ లెక్క మళ్లీ మారుతుంది. కాకినాడ దగ్గర ఉప్పాడ తీరం కోత గురించి ఏటా వార్తలు చూస్తూనే ఉన్నాం. దానికి కారణం ఒక్కటే కాదు. నది తెచ్చే ఇసుక, అలల దిశ, తీరం వెంట ఇసుక నడక, తీరంలో కట్టిన కట్టడాలు, అన్నీ కలిసిన ఫలితం అది. రాళ్ల గోడ ఒకచోట కడితే కోత పక్క ఊరికి జరగవచ్చు. అందుకే జలాశయం, బ్యారేజీ, పాయలు, అలలు ఒకే గొలుసులో కట్టిన మోడల్ అక్కడ కూడా కావాలి. దానికి ముందు నదిలో మట్టిని క్రమం తప్పకుండా కొలవాలి. కొలత లేని మోడల్ జాతకం లాంటిది.

మ్యాప్ చూసినప్పుడు అడగండి

మీ ఊరి కౌన్సిల్ సమావేశంలోనో, ఇల్లు కొనేటప్పుడో, మన ఊరి తీరం గురించిన చర్చలోనో ఎవరైనా రంగుల మ్యాప్ పెట్టి మోడల్ ఇలా చెప్పిందంటే నాలుగు ప్రశ్నలు వేయండి. ఇందులో నది అడుగు కదులుతుందా, కదలదా? దిగువ నుంచి ఎగువకు సమాచారం వెళుతుందా? జరిగిపోయిన ఏ వరదతో దీన్ని సరిచూశారు? అంకె ఒకటే చెప్పారా, ఇంత నుంచి ఇంతవరకు అని చెప్పారా? ఈ ప్రశ్నలకు ఇంజినీరు కానక్కర్లేదు. నిజాయితీగా పనిచేసినవాళ్లు సంతోషంగా జవాబు చెబుతారు.

పిల్లలు ఇంజినీరింగ్ లేదా కంప్యూటర్ సైన్స్ చదువుతుంటే ఇంకో మాట. ఈ రంగంలో కోడ్ రాసేవాళ్లూ కావాలి, నదిని చూసినవాళ్లూ కావాలి, రెండూ తెలిసినవాళ్లు తక్కువ. హెచ్ఈసీ-రాస్ ఉచితంగా దొరుకుతుంది. సీఎస్‌డీఎంఎస్ బృందం తన మోడళ్లను, పాఠాలను అందరికీ తెరిచి ఉంచింది. వేసవి సెలవుల్లో ఇండియా వెళ్లినప్పుడు బ్యారేజీ దగ్గర ఫోటో దిగి వచ్చేయకుండా, ఈ గేట్ల వెనక పూడిక ఎంత ఉందని అక్కడున్న తాతగారినో, పెదనాన్ననో అడగమనండి. గట్టు మీద యాభై ఏళ్లు నడిచిన మనిషి చెప్పే జవాబు ఏ మోడల్‌కైనా మంచి ఇన్‌పుట్.